పోలిక చేపలు

డాక్టర్ వకుళకు చేపలంటే ప్రాణం. కూరలో కాదు, గాజు తొట్లలో. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ప్రయోగశాలలో పొద్దున్నే తొట్ల గది దీపాలు వెలిగించే పనిని ఆవిడ ఏళ్ళ తరబడి ఎవరికీ వదల్లేదు. దీపం వెలగ్గానే చారల చేపలు తెల్లారిందని నమ్మి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. చిటికెన వేలంత కూడా ఉండవు గానీ పని ఎగ్గొట్టడం వాటికి తెలియదు. "ఈ బిల్డింగులో టైముకి డ్యూటీ ఎక్కేది వీళ్ళొక్కళ్ళే" అనేది ఆవిడ తన శిష్యురాలు నఫీసాతో. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేలక నఫీసా నవ్వి ఊరుకునేది.

ఆవగింజ కన్నా చిన్న గుడ్డు. అందులోంచి వచ్చే పిల్ల గాజుముక్కలా ఉంటుంది, లోపల ఏం జరిగినా బయటికి కనిపిస్తుంది. గుండె కొట్టుకోవడం, నెత్తురు పరిగెత్తడం, అన్నీ. రెండు రోజులు తిరిగేసరికి నడుం దగ్గర ఒక చిన్న జల్లెడ తయారవుతుంది. నెత్తుర్ని వడకట్టి, ఒంటికి కావలసినవి ఒంట్లోనే ఉంచి, అక్కర్లేనిది బయటికి పంపే జల్లెడ. మనిషి కిడ్నీలో ఇలాంటివి లక్షల కొద్దీ ఉంటాయి. ఈ పిల్లకు ఉన్నది ఒకే ఒక్కటి. ఆ ఒక్కదానితోనే అది ఈదుతుంది, పెరుగుతుంది, పెద్దదవుతుంది. మైక్రోస్కోప్ కింద ఆ జల్లెడ అల్లుకోవడం చూసిన ప్రతిసారీ వకుళ ఊపిరి బిగబట్టేది. ఇన్నేళ్ళయినా ఆవిడకు ఆ సంబరం తగ్గలేదు.

ఆ సంబరంలోంచే పోలిక చేపలు పుట్టాయి. జబ్బుపడ్డ మనిషి ఉదయం మూత్రంలో కిడ్నీ జల్లెడ నుంచి రాలిన కణాలు కొన్ని దొరుకుతాయి. జల్లెడ ఎలా అల్లాలో ఆ కణాలు తమలో తాము చెప్పుకునే కబురు ఒకటి ఉంటుంది. వకుళ కనిపెట్టిన యంత్రం ఆ కబురు చదివి, చేప గుడ్డులో చేప సొంత కబురు తీసేసి, దాని స్థానంలో ఈ మనిషి కబురు రాస్తుంది. ఇక ఆ పిల్లకు అచ్చం ఆ మనిషి జల్లెడే తయారవుతుంది. మనిషి జల్లెడ కారుతుంటే చేపదీ కారుతుంది. మనిషి కళ్ళ కింద వాపు వస్తే చేప కళ్ళ చుట్టూ నీరు చేరుతుంది. అప్పుడు తొట్టి నీళ్ళలో ఒక్కో మందూ చుక్కలుగా వేసి, ఏ మందుకు వాపు తీస్తుందో చూస్తారు. మనిషి మీద నెలలు పట్టే పరీక్ష చేప మీద వారంలో తేలిపోతుంది.

ఆ పద్ధతి ఎంతోమంది పిల్లల్ని ఆపరేషన్ బల్ల మీద నుంచి దింపింది. దాని బరువూ దానికి ఉంది. ఒకసారి ఒక తండ్రి తొట్టి అడుగున చచ్చిపడి ఉన్న చేపల్ని చూసి, కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఏ కుటుంబాన్నీ తొట్ల గదిలోకి రానివ్వకూడదని వకుళ కట్టడి చేసింది.

ఆ వానాకాలం ఆవిడకు కునుకు లేకుండా చేసినవి దివిజ చేపలు.

దివిజకు తొమ్మిదేళ్ళు. రావులపాలెం దగ్గర పల్లెటూరు. తండ్రి ఏడుకొండలు టెంటు హౌసు నడుపుతాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తాడు. తల్లి సత్యవేణి. రెండేళ్ళుగా పాప ముఖం గుమ్మడికాయలా ఉబ్బిపోయి ఉంది. పొద్దున్న లేచేసరికి కళ్ళు తెరుచుకోవు. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులన్నీ మూత్రంలో కారిపోతున్నాయి. ఇచ్చిన మందల్లా బూడిదలో పోసినట్టే అయింది. రెండు కిడ్నీలూ తీసేసి డయాలిసిస్ మీద పెడతామని, వచ్చే నెలలోనే చేయాలని ఆసుపత్రి వాళ్ళు తేల్చేశారు. తీసేశాక ఇక ఏ మందు దొరికినా ఒరిగేదేమీ లేదు. ఆలోగా చేపలు ఏదైనా దారి చూపిస్తేనే పాప కిడ్నీలు పాపకు ఉంటాయి.

చేపలు దారి చూపించలేదు. అరలో ఉన్న మందులన్నీ అయ్యాయి. ఏ తొట్టిలో చూసినా పిల్లలు కళ్ళు ఉబ్బి, పొట్టలు నిండి, పక్కకు ఒరిగి తేలుతున్నాయి.

"లేపుడు మందు కూడా అంతేనా?" అంది వకుళ. నిద్రపోతున్న జన్యువును తట్టి లేపే మందు అది. దాని అసలు పేరు పలకలేక నఫీసా పెట్టిన ముద్దుపేరు.

"అంతే మేడం. లేపడానికి అక్కడ మంచి ప్రతి ఉంటే కదా! పాపకు వచ్చిన రెండు ప్రతులూ చెడ్డవే. రెండూ ఒకే తప్పు."

"అవును. మేనరికం" అని వకుళ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఇక్కడ ఆవిడ ప్రయోగశాల అలవాటు ఒకటి చెప్పాలి. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. మేనమామనో మేనత్త కొడుకునో చేసుకున్న ఇళ్ళలో పాత పెద్దల నుంచి వచ్చిన ఒకే తప్పు రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డ దగ్గర కలుస్తుంది. అలాంటి కుటుంబాలు వకుళ వందల్లో చూసింది. అందుకే దంపతులది మేనరికం అంటే, తల్లిని పరీక్షించి ఊరుకునేవారు. తండ్రి సంగతి వేరే చూసేదేముంది? సత్యవేణి దగ్గర తప్పు కనిపించింది. పాప కణాల కబురులో ఆ తప్పు తప్ప ఇంకేమీ లేదు. ఏడుకొండలు సత్యవేణికి స్వయానా మేనమామ. లెక్క సరిపోయింది, చేపలు తయారయ్యాయి.

మరునాడు మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. ఈసారి పాప నాయనమ్మ మంగాయమ్మ కూడా వెంట వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ముతక చీర, ముక్కుకు రాళ్ళ పుడక. గదిలోకి వస్తూనే "కూర్చోమంటారా నిలబడమంటారా" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే కూర్చుంది. సత్యవేణి పాపను ఒళ్ళో పెట్టుకుంది. ఏడుకొండలు మాత్రం గోడవారగా, కూతురికి దూరంగా నిలబడ్డాడు.

అతని తీరు వకుళ మొదటి నుంచీ గమనిస్తూనే ఉంది. ఏడాది కింద, మేనరికం వల్లే ఇలా జరిగిందని ఆవిడే వాళ్ళిద్దరికీ నెమ్మదిగా చెప్పింది. నా కిడ్నీ ఒకటి తీసి పెట్టండి అని అతను బతిమాలితే, మీలోనూ అదే తప్పు ఉంది, పనికిరాదు అంది. ఆ రోజు నుంచి అతను కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడని సత్యవేణి ఒకసారి చెప్పి కంటతడి పెట్టుకుంది. పాప అడిగితే "నా చేతులు మంచివి కావమ్మా" అంటాడట.

వకుళ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మేం చేయగలిగిందంతా చేశామమ్మా. ఏ మందూ పనిచెయ్యలేదు. ఇక ఆపరేషన్‌కి వెళ్ళడమే మంచిది."

 ఏడుకొండలు గోడ వైపు తిరిగి అన్నాడు. "అంతా నా వల్లేనండి. అక్క కూతుర్ని చేసుకోకుండా ఉండాల్సింది. ఊళ్ళో అందరూ చెప్తూనే ఉన్నారు."

"ఊళ్ళో అందరి నోళ్ళూ నాకు తెల్సులేరా" అంది మంగాయమ్మ. "అమ్మా డాక్టరమ్మా, చదువుకోనిదాన్ని, నాకు అర్థమయ్యేలా చెప్పు. మేనరికమైతే ఏంటంట?"

అర్థమయ్యేలా చెప్పడం వకుళకు ఇష్టమైన పని. కాగితం మీద ఒక గుండ్రం గీసింది. "ఇది మీరు అనుకోండి. మీ ఒంట్లో ఒక చిన్న తప్పుంది. అది మీకేం హాని చెయ్యలేదు. మీ నుంచి మీ అమ్మాయికి వచ్చింది, అమ్మాయి నుంచి సత్యవేణికి వచ్చింది. అదే తప్పు మీ నుంచి మీ అబ్బాయికీ వచ్చింది. వీళ్ళిద్దరూ పెళ్ళి చేసుకునేసరికి పాప దగ్గర ఆ రెండూ కలిశాయి."

మంగాయమ్మ ఆ గుండ్రం వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, మళ్ళీ గుండ్రం వైపు చూసింది.

"నా నించి ఆడికెలా వస్తదమ్మా?" అంది. "ఆణ్ణి నేను కన్నానేంటి?"

వకుళ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"పక్కింటి రత్నం కొడుకమ్మా ఈడు. మొగుడు పోయాక మూడో నెల్లో నీళ్ళాడింది, పురిట్లోనే పోయింది పిచ్చిది. అటూ ఇటూ ఎవరూ లేరు. గుక్కపెట్టి ఏడుస్తుంటే ఎత్తుకొచ్చి మేకపాలు పట్టాను. అప్పుడు మా పెద్దదానికి పదేళ్ళు. తమ్ముడు కావాలని నన్ను కాల్చుకు తింటుండేది, దాని చేతుల్లో పెట్టాను. అంతే."

"మరి... మరి నేను అడిగినప్పుడు మేనరికమే అన్నారు కదా!" వకుళ సత్యవేణి వైపు తిరిగింది.

"మేనరికమే కదండీ!" సత్యవేణి తెల్లబోయింది. "మావయ్యే కదండీ ఈయన. మా అమ్మకి తమ్ముడు. చిన్నప్పుడు నన్ను సైకిలెక్కించుకుని బడికి దింపేవాడు. మావయ్య కాకపోతే ఇంకేమవుతాడండీ?"

"మీకు తెలుసా?" అంది వకుళ ఏడుకొండలుతో.

"తెలియకేమండీ, ఊరందరికీ తెల్సు." అతను ఇబ్బందిగా కదిలాడు. "మేనరికం చేసుకుంటే పిల్లలకి జబ్బులొస్తాయన్నారు. నేను చేసుకుంది మేనరికం. ఇంక అందులో ఆలోచించేదేముందనుకున్నానండి."

ముగ్గురిలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. వకుళ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, దానికి వాళ్ళు నిండు మనసుతో నిజమే చెప్పారు. పెంచిన తల్లిని తల్లి కాదనీ, ఎత్తుకు తిరిగిన అక్కను అక్క కాదనీ వాళ్ళకు కలలో కూడా తోచలేదు. ఇంత నిఖార్సయిన బంధుత్వాన్ని వకుళ తన జన్మలో చూడలేదు. దాని ముందు తన అలవాటు ఎంత బద్ధకపుదో ఆవిడకు అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఏడుకొండలు గారూ, తప్పు నాది" అంది లేచి నిలబడి. "మిమ్మల్ని పరీక్షించకుండానే మీలో లోపముందని చెప్పేశాను. ఏడాదిగా మీరు మోసిన ఆ భారం నేను పెట్టిందే. ఇప్పుడే మీ నెత్తురు కావాలి నాకు."

అతను అప్పటికే చొక్కా చెయ్యి మడుస్తున్నాడు.

నఫీసా సూది తెస్తుంటే మంగాయమ్మ వకుళ కొంగు పట్టుకుని పక్కకు లాగింది. అంతసేపూ గలగలా మాట్లాడిన మనిషి గొంతు తగ్గించింది. "అమ్మా, ఈ పరీక్షలో ఆడు నా కొడుకు కాదని తేలిపోద్దా?"

వకుళ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "లేదమ్మా. కిడ్నీలో జల్లెడ సంగతి ఒక్కటే తేలుతుంది. మిగతాది తేల్చే యంత్రం ఇంకా పుట్టలేదు."

ముసలావిడ తల ఊపింది గానీ పూర్తిగా నమ్మినట్టు లేదు. తిరిగి వెళ్ళేటప్పుడు కొడుకు చెయ్యి పట్టుకునే మెట్లు దిగింది.

ఈసారి వకుళ కణాల కబురు మీద ఆధారపడలేదు. ఏడుకొండలు నెత్తుర్లోంచి ఆ జన్యువును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివించింది, పాపదీ చదివించింది. ఫలితం చూసి నఫీసా కుర్చీలోంచి లేచిపోయింది. ఏడుకొండలు ఇచ్చిన ప్రతిలో ఒక్క తప్పు కూడా లేదు. అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. కాకపోతే దాన్ని పనిలోకి దించాల్సిన మీట పుట్టుకతోనే మూసుకుపోయి ఉంది. అతని రెండో ప్రతి మామూలుగా పనిచేస్తోంది కాబట్టి అతనికి ఏ జబ్బూ రాలేదు. పాపకు తల్లి నుంచి తప్పున్న ప్రతి వచ్చింది, తండ్రి నుంచి నిద్రపోతున్న మంచి ప్రతి వచ్చింది. నిద్రపోతున్నది కబురు పంపదు. అందుకే కణాల్లో తప్పున్న కబురు ఒక్కటే వినిపించింది. దాన్నే రెండుసార్లు రాసి చేపల్ని చేశారు. ఆ చేపలు పాప పోలిక కానే కావు.

"మేడం, అయితే లేపుడు మందు..." అంది నఫీసా.

"పనికిరాదని పారేశామా?"

"లేదు మేడం, అరలోనే ఉంది."

పొద్దున్నే దీపాలు వెలిగాయి. చేపలు ఎప్పటిలాగే టైముకి గుడ్లు పెట్టాయి. ఈసారి ప్రతి గుడ్డులోనూ తల్లి ప్రతి ఒకటి, మూసుకుపోయిన మీటతో సహా తండ్రి ప్రతి ఒకటి రాశారు. పిల్లలు వచ్చాక సగం ఒక తొట్టిలోకి, సగం ఇంకో తొట్టిలోకి పంచి, ఒక తొట్టిలో మాత్రం మందు వేశారు. ఒక్కో పిల్ల నెత్తుర్లోకి వెంట్రుక కన్నా సన్నని సూదితో ఆకుపచ్చగా మెరిసే రంగు ఎక్కించారు. జల్లెడ గట్టిదైతే ఆ మెరుపు నెత్తుర్లోనే ఉంటుంది. కారుతుంటే బయటికి పోయి పిల్ల మసకబారుతుంది.

మందు వేసిన మూడో నాడు వకుళ తన కట్టడిని తానే తుంచేసింది. విశాఖలో చుట్టాలింట్లో ఉంటున్న ఆ కుటుంబాన్ని పిలిపించి, కాళ్ళకు తొడుగులు వేయించి, తొట్ల గదిలోకి తీసుకెళ్ళింది. గదిలో దీపాలు తగ్గించింది.

ఒక తొట్టిలో పిల్లలు ఉబ్బిన కళ్ళతో, వెలుగు పోయి, అడుగున తచ్చాడుతున్నాయి. రెండో తొట్టి నిండా ఆకుపచ్చ నరాలు. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు, ఒళ్ళంతా సన్నటి వెలుగు గీతలతో, వాపు లేకుండా, చురుగ్గా అటూ ఇటూ దూసుకుపోతున్నాయి. వకుళ మైక్రోస్కోప్ తెర మీద ఒక పిల్లను పెద్దది చేసి చూపించింది. నడుం దగ్గర జల్లెడ గుండె చప్పుడుతో పాటు అదురుతోంది. నెత్తురు దాన్ని ఒరుసుకుంటూ వెళ్తోంది. ఒక్క మెరుపు కూడా జారిపోవడం లేదు. ఎన్ని వేల పిల్లల్ని చూసిన కళ్ళో ఆవిడవి, అయినా ఆ క్షణాన చెమర్చాయి.

"నిద్ర లేచిందండీ మీరిచ్చిన ప్రతి" అంది ఏడుకొండలుతో. "దీన్ని నిలబెట్టింది మీరే."

అతను తెర దగ్గరికి వెళ్ళాడు.  టెంటు హౌసులో వందమంది కూలీల మీద కేకలేసే మనిషి, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

సత్యవేణి మాత్రం మొదటి తొట్టి దగ్గరే నిలబడింది. "వీటికి మందెయ్యలేదాండీ?"

"వెయ్యలేదమ్మా. వెయ్యకపోతే ఏమవుతుందో పక్కన పెట్టి చూస్తేనే, బాగుపడింది మందు వల్లేనని రుజువు."

"మా పాప కోసం చచ్చిపోతున్నాయన్నమాట." ఆ తొట్టికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. వకుళకు ఆ పని ఇన్నేళ్ళలో తనెప్పుడూ చేయలేదే అనిపించింది. పక్కన నిలబడి తనూ దణ్ణం పెట్టింది.

చేపకు పనిచేసింది మనిషికి పనిచేస్తుందన్న పూచీ లేదు. ఆసుపత్రి వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. వకుళ ఆ వెలుగు చేపల వీడియోలు పట్టుకుని, పెద్ద డాక్టర్ల ముందు గొంతు పోయేదాకా వాదించింది. తన పొరపాటు కూడా దాచకుండా చెప్పింది. చివరికి ఆపరేషన్ వాయిదా వేశారు. మందు మొదలుపెట్టారు. మొదట్లో ఏమీ కాలేదు. పాప ముఖం అలాగే ఉంది. వకుళ ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేది.

తర్వాత ఒక పొద్దున సత్యవేణి ఫోన్ చేసింది. "మేడంగారూ, పాప కళ్ళు తెరుచుకుని లేచిందండీ. తనంతట తనే!" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత వాపు రోజురోజుకూ దిగుతూ వచ్చింది. మూత్రంలో కారడం తగ్గింది, ఆగింది. ఆపరేషన్ అక్కర్లేదని పెద్ద డాక్టరు చెప్పిన రోజున వకుళ ఆసుపత్రికి వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద దివిజ కూర్చుని ఇడ్లీ తింటోంది. వకుళ ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ చూసింది ఆ ఉబ్బునే, దాని వెనక ఉన్న పిల్లను కాదు. జబ్బు పడేనాటికి బూరెబుగ్గల పసిది. ఆ రెండేళ్ళలో వాపు మాటున ముఖం తన దారిన తాను పెరిగిపోయింది. కోలముఖం, ఎత్తు చెంపలు, కొద్దిగా చీలిన గడ్డం, ఒకదాన్నొకటి తాకేలా ఉన్న కనుబొమలు.

"ఎవరి పోలికో మాకే అంతు చిక్కట్లేదండి" అంది సత్యవేణి నవ్వుతూ. "నా పోలిక కాదు, మావయ్య పోలికా కాదు."

మంగాయమ్మ మంచం పట్టె మీద కూర్చుని పాపను కళ్ళార్పకుండా చూస్తోంది. పొద్దుట్నించీ అలాగే చూస్తోందట. ఆవిడ పెదాలు ఒకటికి రెండుసార్లు కదిలి ఆగాయి. ఏదో తనలో తాను తేల్చుకుంటున్న మనిషిలా ఉంది. ఆ రోజు తన కొంగు పట్టుకుని అడిగిన ప్రశ్న వకుళ మనసులో మెదిలింది.

"ఒరే ఏడుకొండలూ, ఇలా రా" అంది చివరికి.

అతను వచ్చాడు. ఆవిడ కొడుకు మణికట్టు పట్టుకుని, మంచం దగ్గరికి లాగి, పాప ఎదురుగా కూర్చోబెట్టింది.

"రత్నానికి ఫోటో లేదురా. నువ్వు చిన్నప్పుడు ఒక్కసారి అడిగావు, మా అమ్మ ఎలా ఉండేదని. నేనే మీ అమ్మనని కసిరేశాను. మళ్ళీ అడగలేదు నువ్వు." ఆవిడ పాప గడ్డం పట్టుకుని చూపించింది. "ఈ గడ్డం, ఈ కనుబొమలు, ఈ చెంపలు... ఒక్క వంకరైనా తప్పిపోలేదు. చూసుకోరా. మీ అమ్మ ఇలాగే ఉండేది."

దివిజ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే పట్టుకుని నాయనమ్మనూ నాన్ననూ మార్చి మార్చి చూసింది. ఏడుకొండలు పెంచిన తల్లి చేతిని ఒక చేత్తో అలా పట్టుకునే ఉన్నాడు. రెండో చెయ్యి ఎత్తి, ఏడాది తర్వాత మొదటిసారి, కూతురి చెంప మీద పెట్టాడు. నలభై ఏళ్ళు దాటిన వయసులో, కన్నతల్లి ముఖం చూస్తూ కూర్చున్నాడు.